పాత పికప్ బండ్ల పునరుద్ధరణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తుప్పు పట్టి మూలనపడిన పాత పికప్ బండిని మళ్లీ నడిచే స్థితికి తెచ్చుకోవాలనుకునే పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను. కాగితాలు, చాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం), బ్రేకులు ముందు చూసుకోవాలని, రంగు సంగతి చివరన ఆలోచించాలని, మిగిలి ఉన్న అసలు రేకును వీలైనంతవరకు కాపాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర ఒక తోటలో, ముందు భాగం విల్లీస్ జీపులా ఉండి వెనుక తొట్టి కట్టిన పాత బండి ఏళ్ల తరబడి నిలిచిపోయి ఉంది. యజమాని అమ్ముతానంటున్నారు. రేకు చాలాచోట్ల తుప్పు పట్టింది. కొనేముందు ఏమేమి చూడాలి?
— కె. ఎస్., మల్కాజిగిరి

జవాబు: బండి దగ్గరికి వెళ్లేముందే ఆర్సీ చూపించమని అడగండి. అది ఎవరి పేరున ఉంది, ఆ వ్యక్తి జీవించి ఉన్నారా, లేకపోతే వారసులందరూ సంతకం పెడతారా, దాని మీద అప్పు తాలూకు నమోదు ఏదైనా మిగిలి ఉందా అన్నవి తేలకుండా బయానా ఇవ్వకండి. నంబరు మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే పాత పద్ధతిలో ఉంటే, అది 1989కి ముందు నమోదైన బండి అని అర్థం. అలాంటి బండి వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయో లేదో ఆర్టీఏ కార్యాలయంలో ముందే విచారించుకోవాలి. రిజిస్ట్రేషన్ రద్దయిన బండిని విడిభాగాల కోసం తప్ప కొనవద్దని నా సలహా.

తరువాత చాసిస్ నంబరు చూడండి. వైర్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీస్తే, కంటికి కనబడని అంకెలు కూడా తరచుగా బయటపడతాయి. అవి ఆర్సీలో ఉన్న అంకెలతో సరిపోవాలి. అంకెలు తుప్పులో కలిసిపోయాయని, కొత్తగా కొట్టిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా ఆ పని చేయించడం నేరం; ఆ బండికి ఉన్న గుర్తింపు కూడా దానితో పోతుంది.

ఇక బండి విషయం. మహీంద్రా సంస్థ 1940ల చివరినుంచి మన దేశంలో అమెరికన్ విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. అమెరికన్ కంపెనీ జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకు బొంబాయిలో షెవర్లే కార్లను, లారీలను కూర్చి అమ్మింది. ఆ కాలపు సరుకు బండ్లలో చాలావాటిని చాసిస్, ఇంజన్, ముందు రేకు మాత్రమే ఉన్న స్థితిలో అమ్మేవారు. వెనుక తొట్టిని, కొన్నిసార్లు డ్రైవర్ క్యాబిన్‌ను కూడా, స్థానిక బాడీ పనివారు కర్రతోను, రేకుతోను కట్టేవారు. కాబట్టి మీరు చూసిన తొట్టి అమెరికన్ కేటలాగ్‌లో ఉన్నట్టు లేదని దానిని తీసిపారేయకండి. మన ఊరి కమ్మరి, వడ్రంగి చేసిన పనికి కూడా ఆ బండి చరిత్రలో చోటు ఉంది, అది మళ్లీ దొరికేది కాదు.

రేకు తుప్పు చూసి భయపడనవసరం లేదు, చాసిస్ తుప్పును మాత్రం జాగ్రత్తగా పరిశీలించాలి. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి: గట్టి ఇనుము ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. వెనుక కమాను కట్టలను (లీఫ్ స్ప్రింగులను) పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనుక గోడ కింద, క్యాబిన్‌ను చాసిస్‌కు బిగించిన చోట్ల, రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి కూర్చుని రివెట్ పడిన చోట మట్టి నిలిచి తడి ఆరదు. ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది. మూలనుంచి మూలకు రెండు ఐమూలల కొలతలు టేపుతో తీసి పోల్చండి. రెండింటికీ స్పష్టమైన తేడా ఉంటే బండి ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని అనుమానించాలి. తలుపుల మీద పలుచని గుడ్డ వేసి అయస్కాంతాన్ని నడిపించండి. అది జారిపోయిన చోట రంగు కింద రేకు బదులు లప్పం ఉందని తెలుస్తుంది. ఇంకొక మాట: హైదరాబాద్, మెదక్ వైపు తిరిగిన బండికీ, మచిలీపట్నం, విశాఖ తీరాల్లో తిరిగిన బండికీ చాలా తేడా ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తుప్పును వేగంగా లోపలికి తీసుకుపోతుంది. బండి ఎక్కడెక్కడ తిరిగిందో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారని విన్నాను. నా 1968 నాటి పికప్‌కు అది దొరుకుతుందా?
— ఎం. ఆర్., ఎల్బీ నగర్

జవాబు: 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలను సవరించి ఈ పద్ధతి తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండికి ఇది వర్తిస్తుంది. కొత్తగా నమోదు చేయించుకోవడానికి రుసుము రూ. 20,000, తిరిగి నమోదుకు రూ. 5,000, గడువు 10 ఏళ్లు. నంబరులో రాష్ట్ర అక్షరాల తరువాత ‘వి.ఎ.’ అనే అక్షరాలు వస్తాయి. ఇలా నమోదైన బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికీ, సరుకు మోయడానికీ అనుమతి ఉండదు.

మీ విషయంలో ఒక చిక్కు ఉంది. ఆ నిబంధనలో నాలుగు చక్రాల బండ్లకు చెప్పిన తరగతి ‘ఎం 1’, అంటే ప్రయాణికుల వాహనం. సరుకు వాహనంగా నమోదైన పికప్ ఆ తరగతిలోకి రాదు. జీపు చాసిస్ మీద కట్టిన పాత బండ్లలో ప్రైవేటు జీపుగా నమోదైనవి కూడా ఉంటాయి కాబట్టి, మీ ఆర్సీలో ‘వాహన తరగతి’ అన్నచోట ఏమని రాసి ఉందో చూసుకుని, ఆర్టీఏ కార్యాలయానికి లిఖితపూర్వకంగా రాసి జవాబు తీసుకోండి. అది రాకముందే ఇంజన్ మార్చడం, చాసిస్ కత్తిరించడం లాంటి పనులు పెట్టుకోవద్దు. అనుమతి లేకుండా ఇంజన్ మార్చిన బండికి వింటేజ్ సంగతి అటుంచి, మామూలు రిజిస్ట్రేషన్‌కే ఇబ్బంది వస్తుంది.

ప్రశ్న: నా బండి తుప్పు వదిలించడానికి ఒక మెకానిక్ యాసిడ్‌తో కడగమంటున్నారు, ఇంకొకరు శాండ్ బ్లాస్టింగ్ చేయిద్దామంటున్నారు, మూడో ఆయన పైపైన గీకి లప్పం పెట్టి రంగు వేస్తే చాలంటున్నారు. ఏది సరైనది?
— పి. వి., వనస్థలిపురం

జవాబు: మూడో సలహాను ముందుగా పక్కన పెట్టండి. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసినప్పుడు తుప్పు పుడుతుంది. పుట్టిన తుప్పు అసలు ఇనుముకన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పైగా అది గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. దానిమీద లప్పం పెడితే లోపల పని ఆగదు. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు పొంగి, లప్పం పెచ్చులుగా ఊడుతుంది. బండి అమ్మేవారికి ఆ పద్ధతి అనుకూలం, ఉంచుకునేవారికి కాదు.

ఏ పద్ధతి వాడాలన్నది భాగాన్నిబట్టి మారుతుంది. చాసిస్, యాక్సిల్, చక్రాలు లాంటి మందపాటి ఇనుముకు బ్లాస్టింగ్ (ఇసుక లాంటి రేణువులను గాలి వేగంతో కొట్టి తుప్పు రాల్చడం) మంచిది. బాలానగర్, కాటేదాన్ లాంటి పారిశ్రామిక వాడల్లో విచారిస్తే చేసేవారు దొరుకుతారు. అయితే బానెట్, తలుపు, మడ్‌గార్డు లాంటి పలుచని రేకు మీద అదే వేగంతో కొడితే రేకు సాగి అలలు తేలుతుంది, దానిని మళ్లీ చదును చేయడం ఎంతటి టింకర్‌కైనా కష్టం. మామూలు ఇసుకతో చేసే బ్లాస్టింగ్ వల్ల వచ్చే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. పని చేసే కుర్రవాడికి గాలి సరఫరా ఉన్న ముసుగు ఉందో లేదో చూసి, లేకపోతే ఆ షెడ్డుకు పని ఇవ్వకండి.

యాసిడ్ అంటే ఇంట్లో బాత్‌రూములు కడిగేదే అయితే వాడవద్దు. అందులోని క్లోరైడ్ రేకు మడతల్లో మిగిలిపోయి కొత్త తుప్పుకు కారణమవుతుంది. దాని ఆవిరి షెడ్డులో ఉన్న పనిముట్లను కూడా తుప్పు పట్టిస్తుంది. బోల్టులు, బ్రాకెట్లు, తాళాలు, కీలుబందులు లాంటి చిన్న భాగాలకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీటికి సుమారు 50 గ్రాములు కలిపి, జిడ్డు తీసిన భాగాన్ని రాత్రంతా నానబెట్టి, మరునాడు బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీటిలో ముంచి, వెంటనే ఆరబెట్టి అదే రోజు ప్రైమర్ (రంగు కింద వేసే పూత) వేయాలి. ఆలస్యమైతే నారింజ రంగు పొర మళ్లీ వస్తుంది.

కొంచెం పెద్ద భాగాలకు విద్యుత్ పద్ధతి ఉంది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, లీటరుకు ఒక చెంచా చొప్పున బట్టల సోడా కలిపి, బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగను తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగను పనికిరాని ఇనుప ముక్కకు కలపాలి. ఆ ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీలు ఎన్నటికీ వాడకూడదు, నీటిలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. ఈ పనిలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి, తీగలు కదిపేముందు చార్జర్ ఆపాలి. కమాను పట్టీలు, స్ప్రింగులు మాత్రం ఇందులో వేయవద్దు; హైడ్రోజన్ చేరి గట్టి ఉక్కు పెళుసెక్కుతుంది.

చేయి దూరని మూలల్లో తుప్పును మార్చే ద్రావణాలు పనికివస్తాయి. టానిక్ ఆమ్లం ఉన్నవి తుప్పును నల్లని స్థిరమైన పొరగా మారుస్తాయి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నవి ఫాస్ఫేట్ పొర కడతాయి. వదులుగా ఉన్న తుప్పు తీశాకే ఇవి పనిచేస్తాయి. చిల్లు పడిన రేకును ఇవి బాగుచేయలేవు, దానికి వెల్డింగ్ ఒక్కటే మార్గం.

ఆ వెల్డింగ్ గురించి కూడా చెప్పాలి. కుళ్లిన చోటును గట్టి రేకు తగిలేవరకు కత్తిరించి, అదే మందం ఉన్న కొత్త రేకును అంచుకు అంచు కలిపి అతికించాలి. పాత రేకు మీద కొత్త ముక్క పరిచి చుట్టూ అతికిస్తే రెండింటి మధ్య తేమ నిలిచి మళ్లీ మొదటికి వస్తుంది. మామూలు ఆర్క్ వెల్డింగ్ పలుచని రేకును కాల్చి చిల్లులు చేస్తుంది. సన్నని తీగ ఉన్న మిగ్ వెల్డింగ్‌తో, దూరదూరంగా చిన్న చిన్న చుక్కలు పెడుతూ, వేడి ఆరనిస్తూ పోవాలి. అడుగు పొడవు అతుకుకు పూట పట్టినా అది వృథా సమయం కాదు. పెట్రోల్ ట్యాంకును మాత్రం ఎన్నాళ్లుగా ఖాళీగా ఉన్నా ఇంట్లో వెల్డింగ్ చేయవద్దు, మిగిలిన ఆవిరి పేలుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన ఆల్విన్ నిస్సాన్ బండి మా ఊళ్లో షెడ్డులో ఉంది. దానిని వింటేజ్ అని ఎవరూ ఒప్పుకోవడం లేదు. బాగుచేయడం దండగేనా?
— జి. ఎన్., సంగారెడ్డి

జవాబు: దండగ కానే కాదు. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో 1980లలో జహీరాబాద్‌లో తయారుచేసిన తేలికపాటి సరుకు బండి అది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. బీరువాలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ పేరు ఈ ప్రాంతంలో వినని ఇల్లు లేదు. అమెరికన్ పికప్‌ల మీద ఉన్న మోజులో మన జిల్లాలోనే పుట్టిన బండిని ఎవరూ దాచుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. యాభై ఏళ్లు నిండలేదు కనుక వింటేజ్ నమోదు దొరకదు. సరుకు వాహనం కనుక రోడ్డెక్కాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, ఇంత పాత బండికి అది ఏటా తీసుకోవలసిందే. ఆ ఖర్చు, పన్ను బకాయి భారమనిపిస్తే రోడ్డెక్కించకుండానే మీ ఆవరణలో నడిచే స్థితిలో ఉంచుకోండి. క్యాబిన్ రేకు మీద కంపెనీ పేరు పలక, తలుపు మీద మీ నాన్నగారు రాయించిన అక్షరాలు ఉంటే వాటిని గీకనివ్వకండి. ఆ భాగాన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక మైనం పూస్తే సరిపోతుంది.

ప్రశ్న: పదేళ్లుగా ఆగిపోయిన పెట్రోల్ ఇంజన్ తిరగడం లేదు. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే కదులుతుందా? ఇప్పుడు వచ్చే ఇథనాల్ పెట్రోల్ వాడవచ్చా?
— ఎస్. కె., టోలీచౌకి

జవాబు: సెల్ఫ్ కొట్టకండి. పట్టేసిన పిస్టన్‌ను బలవంతంగా లాగితే రింగులు విరుగుతాయి, సిలిండర్ గోడ మీద గాట్లు పడతాయి. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో తుప్పు వదిలించే పలుచని నూనె పోసి కొన్ని రోజులు వదిలి, తరువాత స్టార్టింగ్ హ్యాండిల్‌తో చేత్తో అటూ ఇటూ మెల్లగా కదపండి. కదిలాక పాత ఆయిల్ మొత్తం తీసి, రేడియేటర్ కడిగి, అప్పుడు బ్యాటరీ సంగతి చూడండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ 2023 నుంచి దశలవారీగా వచ్చింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, కార్క్ గాస్కెట్లు, ఫ్యూయల్ పంపులోని పొర దానిని తట్టుకునేలా తయారైనవి కావు. అవి మెత్తబడి కారతాయి, ఇంజన్ వేడి మీద అది అగ్నిప్రమాదానికి దారి తీస్తుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక ట్యాంకు లోపల తుప్పు పెరుగుతుంది. బండి మొదటిసారి నడిపేముందే గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి, నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. వాల్వులు ఆనుకునే చోట్లు (వాల్వ్ సీట్లు) అరిగిపోకుండా ఆ సీసం కాపాడేది కనుక, అంతకుముందటి మెత్తని సీట్లు ఉన్న ఇంజన్‌ను ఎలాగూ విప్పితే, హెడ్‌కు గట్టి సీట్లు వేయించడం మంచిది.

ఇంజన్ మోగిన సంతోషంలో బండిని వీధిలోకి తీసుకుపోకండి. పాత బండ్లలో నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే గొట్టపు వ్యవస్థ మీద ఆధారపడతాయి, ఎక్కడ ఒక్క చోట కారినా బ్రేకు మొత్తం పోతుంది. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్ల రబ్బర్లు, ఉక్కు గొట్టాలు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయించాలి. బ్రేక్ ఆయిల్ బదులు ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. పాత బ్రేక్ షూలలో, క్లచ్ పలకల్లో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారేయండి.

ప్రశ్న: విడిభాగాలు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?
— పలువురు పాఠకులు

జవాబు: బేరింగులు, ఆయిల్ సీళ్లు, రబ్బరు భాగాలకు రాణిగంజ్ వెళ్లండి, పేరు చెప్పి అడిగేకన్నా పాత భాగాన్ని చేత్తో పట్టుకుని వెళ్తే, కొలత చూసి సరిపోయేది తీసిస్తారు. లారీ బాడీ, కమాన్లు, రేకు పనికి వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్ ఉంది. భోలక్‌పూర్ పాత ఇనుప దుకాణాల్లో ఓపికగా వెతకవచ్చు. దొరకని బుష్‌ను, పిన్నును బాలానగర్ లేత్ పనివారు నమూనా చూసి తిప్పి ఇస్తారు. విప్పిన ప్రతి భాగాన్నీ, అరిగిపోయినదైనా, కొత్తది బిగించేవరకు దాచండి.

ప్రశ్న: నేను కళాశాలలో పాఠాలు చెబుతాను, సెలవుల్లో పికప్ పని చేసుకుంటున్నాను. వెల్డింగ్ పూర్తయింది. రంగు జూలైలో వేయించవచ్చా? కొందరు పాత రంగునే ఉంచమంటున్నారు.
— ఆర్. ఎల్., తార్నాక

జవాబు: అమ్మా, జూలైలో వద్దు. వానాకాలపు తేమలో స్ప్రే చేసిన రంగు మీద తెల్లని మసక కమ్ముతుంది, కింద చిక్కిన తేమ తరువాత బుడగలుగా లేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో థిన్నర్ గాలిలోనే ఆవిరై రంగు గరుకుగా పడుతుంది. మన ఊళ్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచిన తరువాత పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు లోపు అనువైన సమయం. అంతవరకు బోడి రేకును అలా ఉంచలేరు కనుక, ఎండ కాసిన పొడి రోజు చూసి ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. మామూలు రెడ్ ఆక్సైడ్ తేమను పూర్తిగా ఆపలేదు, దానిమీద రంగు పడేదాకా అది తాత్కాలిక రక్షణ మాత్రమే.

పాత రంగు గీకేటప్పుడు పొడిగా రుద్దకండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు, నీళ్లు పోస్తూ రుద్ది ఆ నీటిని పిల్లలు తిరిగే చోట పారబోయకుండా చూడండి. రెండు భాగాలు కలిపి వేసే పాలియురెథేన్ రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటికి అడ్డు కాదు. గాలి సరఫరా ఉన్న ముసుగు లేని షెడ్డులో ఆ రంగు వేయించకండి.

పాత రంగును ఉంచాలా అన్న దానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బయటి రేకులో సగానికి పైగా అసలు రంగు నిలిచి ఉంటే ఉంచండి. చాసిస్, బాడీ అడుగు, తలుపుల లోపలి భాగం, మడ్‌గార్డుల కింది వైపు మాత్రం పూర్తిగా శుభ్రం చేసి ఎపాక్సీ వేయించి, మడతల్లోకి మైనపు ద్రావణం కొట్టించండి. తొట్టిలో టేకు పలకలు వేస్తే ఒక్కో పలకకు నాలుగు వైపులా నూనె పట్టించి, ఇనుముకు నేరుగా ఆనకుండా రబ్బరు ముక్కలు పెట్టి, పలకల మధ్య సందు వదలండి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు రంగుతో మూసుకుపోకుండా రంగు పని అయిన రోజే సన్నని తీగతో పొడిచి చూడండి, ఆ తరువాత ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందు ఒకసారి చూసుకోండి.